కూర్చుని వాక్యం చెప్పే పీఠం

కరోనా తగ్గి కార్ఖానాలు మళ్లీ తెరుచుకున్న ఏడాది, వేసవి మొదట్లో, గోకుంద అనే ఊళ్లోని తెలుగువాళ్ల చర్చి పని నాకు అప్పగించారు. నాందేడ్‌లోని ఒక ఫర్నిచర్ కార్ఖానాలో నేను చీఫ్ డిజైనర్‌ని. నా సంతకం పడిన డ్రాయింగు లేనిదే అక్కడ కలప మీద రంపం పెట్టేవారు కాదు. చర్చివాళ్లు అడిగింది బెంచీలు, రొట్టె, ద్రాక్షారసం పెట్టే ప్రభువు బల్ల, పాస్టర్ వాక్యం చెప్పే పీఠం. అన్నీ టేకుతో.

కొలతలకు వెళ్లిన రోజు పాస్టర్ ప్రకాశం గారు చక్రాల కుర్చీలో ఎదురొచ్చారు. మాహూర్ దారిలో జరిగిన ప్రమాదంలో ఆయన కాళ్లు పడిపోయాయి. కూర్చుని చెప్పడానికి వీలైన పీఠం కావాలని సంఘ పెద్ద ఏసుదాసు అడిగాడు. పాస్టర్ ఒప్పుకోలేదు.

“నిలబడి చెప్పేటోళ్ల కొలతకే చెయ్యుండ్రి సార్. నేను జల్ది తప్పుకుంట. నా కోసం చేస్తే రేపు అచ్చేటాయనకు అక్కరకు రాదు.”

“మీరు పోతే మేం ఎవల మాట ఇనాలె?” అన్నాడు ఏసుదాసు.

ఒక మనిషి ఉండటమో వెళ్లిపోవడమో నా డ్రాయింగు మీద ఆధారపడటం అదే మొదటిసారి.

అసలు కలప కోసే ముందు చౌక ప్లైవుడ్‌తో అదే పరిమాణంలో నమూనా చేయడం మా పద్ధతి. మిస్త్రీ విఠల్, నేను కలిసి మోకాళ్లకు చోటు వదిలిన పొట్టి పీఠం చేసి, నమూనాయే కదా అని పాస్టర్ గారిని ఒప్పించి ఆదివారం ఆరాధనకు పెట్టాం. వెనక వరుసలోంచి చూస్తే నాకు పాస్టర్ గారి జుట్టే కనిపించింది. దగ్గరికెళ్లి, కుర్చీకీ పీఠానికీ కింద ఎత్తు వేద్దామా అని అడిగాను.

“నన్ను ఎత్తి చూపెట్టుడు ఒద్దు సార్,” అన్నారు.

వాక్యం మొదలైంది. కాసేపటికి మరియమ్మ అనే పెద్దావిడ తన ప్లాస్టిక్ కుర్చీని ముందుకు లాక్కుంది. “అయ్యగారు కనబడ్తలేరు, జర జరుగుండ్రి,” అంది. ఒకరి వెంట ఒకరు జరిగారు. ప్రసంగం ముగిసేసరికి వరుసలు పోయి, పీఠం చుట్టూ అర్ధచంద్రం ఏర్పడింది. నేను కుర్చీలున్న చోటల్లా సుద్దతో గుర్తులు పెట్టుకున్నాను. కొత్త డ్రాయింగులో బెంచీలను వాటి మీదుగానే వంపుగా గీశాను.

వంపు బెంచీకి టేకు పలకను వంచలేం. పొట్టి ముక్కలను కాస్త ఏటవాలుగా కోసి, ఒకదాని చివర చెక్కిన కుసిని రెండోదాని బెజ్జంలో దింపి కలపాలి. విఠల్ ఆ పని ఎంత నాణ్యంగా చేశాడంటే, వేలితో తడిమినా అతుకు తగల్లేదు. పీఠాన్ని నమూనా ఎత్తుకే ఉంచి, నిలబడి చెప్పేవారికి దాని మీద అమర్చుకునే ఎత్తుబల్ల ఒకటి విడిగా చేశాం.

పీఠం బిగించాక ప్రకాశం గారు కుర్చీని దాని కిందికి నడుపుకుని, పక్కనున్న ఆ ఎత్తుబల్లను చేత్తో తడిమారు.

“ఇగ తప్పుకునేటందుకు నాకు సాకు లేకుండ చేసిండ్రు,” అన్నారు. ఇప్పటికీ అక్కడ వాక్యం చెబుతున్నది ఆయనే.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఏ గదిలోకి వెళ్లినా వెంటనే టేపు తీయలేదు. మనుషులు తమంతట తాము ఎక్కడ కూర్చుంటారో చూశాకే కొలిచాను.