దేవుడి వంతు కాగితం

నా చిన్నప్పుడు ఏడాదిలో ఒక్క ఆదివారం మాత్రం గుడికి వెళ్ళాలంటే కాళ్ళు వెనక్కి లాగేవి. అది కోతల పండుగ. ఆ రోజు మా ద్వీపంలోని తెలుగు క్రైస్తవ సంఘంలో పిల్లలందరూ తమ ఇంటి ప్రథమ ఫలాన్ని తెచ్చి బల్ల మీద పెట్టేవారు. చౌల్దారీ పల్లె నుంచి వచ్చేవాళ్ళు అరటి గెలలు, కొబ్బరికాయలు, కొత్త వడ్లు మోసుకొచ్చేవారు. మేము పట్నంలో, డిగ్నాబాద్‌లో అద్దె గదుల్లో ఉండేవాళ్ళం, మొక్క నాటుకోవడానికి జానెడు నేల లేదు. అమ్మ బజారులో కొన్న వంకాయలే నా చేతిలో పెట్టేది. చౌల్దారీ పిల్ల ఒకతి వాటిని చూసి, "మీ చెట్టువా, బజారు చెట్టువా?" అని నవ్వేది.

అందుకే ఒక ఏడు మా సంఘానికి పాటల పుస్తకం ఇక్కడే అచ్చువేస్తారని వినగానే నేను ఎగిరి గంతేశాను. మా తాతయ్య పుస్తకాలు కుట్టి అట్టలు కట్టే పని చేసేవారు. సీసపు తెలుగు అక్షరాలు రేకు పెట్టెలో విశాఖపట్నం నుంచి వచ్చిన ఓడ దిగాయి. మిడిల్ పాయింట్ పేటలో చేతి యంత్రం ఉన్న ప్రెస్సు భయ్యా అచ్చువేసి ఇస్తానన్నాడు. ఆయనకు తెలుగు రాదు కాబట్టి అక్షరాలు పేర్చే పని తాతయ్యదే. "తాతయ్యా, మొదటి పుస్తకం నాది. ఈసారి మనింటి పంట పెడతాను" అన్నాను. తాతయ్య సరేనన్నారు.

పండుగకు నెల ముందే తొలి పేజీ యంత్రం ఎక్కింది. సిరా పూసే పని నన్ను చేయనిచ్చారు. అద్దంలో కనబడినట్టు తిరగబడి ఉన్న అక్షరాల మీద రోలరు దొర్లించాను. భయ్యా పిడి లాగాడు. కాగితం పైకి లేచింది. మా ద్వీపంలో పుట్టిన తెలుగు అక్షరాలు! నేను చప్పట్లు కొట్టేలోపే ఆయన దాన్ని ఉండచుట్టి బుట్టలో పడేశాడు. ఒక మూల సిరా ముద్దకట్టింది, నడుమ వరసలు వెలిసిపోయాయి.

"పహలా కాగజ్ తో రద్దీ మే జాతా హై, బిటియా" అన్నాడు. మొదటిది ఎప్పుడూ చిత్తుకే పోతుందట.

"వద్దు భయ్యా! అది దేవుడిది!" అని బుట్టలోకి చెయ్యి పెట్టాను.

"అరే, సాఫ్ వాలా దో నా భగవాన్ కో!" అని ఆయన పెద్దగా నవ్వి, దేవుడికి ఇది ఇవ్వమంటూ శుభ్రంగా వచ్చిన రెండో కాగితం చూపించాడు.

నాకు ఏడుపొచ్చింది. మొదటిది దేవునికి ఇవ్వాలని సండే స్కూల్లో నేర్పారు. ఇచ్చేదానిలో మచ్చ ఉండకూడదనీ నేర్పారు. మొదటి కాగితానికి మచ్చ ఉంది. మచ్చ లేనిది మొదటిది కాదు, అది పెడితే మళ్ళీ బజారు వంకాయ పెట్టినట్టే. తాతయ్య బుట్టలోంచి ఆ ఉండను తీశారు. ఆ కాగితాన్ని అరచేత్తో సాపు చేసి జేబులో పెట్టుకున్నారు.

పండుగ ముందు శనివారం ఆయన నా పుస్తకాన్ని కుట్టారు. మైదా జిగురు కాచి, దళసరి అట్టకు లోపలివైపు ఆ ముడతల కాగితాన్ని అంటించారు. దాని మీద తెల్ల కాగితం వేసి, బయట ఎర్రగుడ్డ తొడిగారు.

"అట్ట గట్టిగా ఉండడానికి లోపల చిత్తుకాగితం వేయడం మా పనిలో ఉన్నదే బంగారూ. ఇప్పుడు మొదటిది ఇందులోనే ఉంది. మచ్చ ఎక్కడుందో వెతుకు చూద్దాం!"

అటూ ఇటూ తిప్పి చూశాను. ఎక్కడా లేదు. పుస్తకాన్ని గుండెకు హత్తుకుని గదంతా తిరిగాను.

మరునాడు అరటి గెలల మధ్య నా పుస్తకం పెట్టాను. "ఇది మీ ఇంట్లో కాసిందా?" అంది చౌల్దారీ పిల్ల. "ముట్టుకో, ఇంకా పచ్చిగానే ఉంది" అన్నాను. నిజమే, జిగురు ఆరలేదు. పాస్టరు అయ్యగారు దాన్నే తెరిచి మొదటి పాట ఎత్తుకున్నారు. సంఘమంతా లేచి అట్టలింకా కట్టని కొత్త పుస్తకాలు పట్టుకుని పాడుతుంటే పైకప్పు రేకులు అదిరాయి.

ఇప్పుడు మా మనవరాలు కుటుంబ ప్రార్థనలో వాక్యం చదువుతూ తెలుగు అక్షరాల దగ్గర తడబడి, "ఛోడో నా, నానమ్మా, నువ్వే చదువు" అంటుంది. నేను ఒప్పుకోను. ఆ తడబాటు చదువే మొదట దేవుని ముందుకు వెళ్ళాలి. ఈమధ్య మా గుడిలోని ఆ పాత పుస్తకం అట్ట మూల చిరిగి, లోపలి సిరా ముద్ద నల్లగా బయటపడింది. అతికించమంటారు అందరూ. నేను మాత్రం పాట మొదలయ్యే ముందు ఆ నలుపు మీద వేలు ఆనించి, అప్పుడు పాడతాను.