చాయ్ తిండి కిందికి రాదు

ఆ రోజుల్లో నేను సిరిసిల్లలో సాంచాల మీద పనిచేసేవాణ్ణి (మరమగ్గాలను మా దగ్గర సాంచాలే అంటారు). ఇరవై నాలుగేళ్ల వయసులో మనిషికి తన ఒళ్లు తన మాట వింటుందని గట్టి నమ్మకం ఉంటుంది. నాకూ ఉండేది. దాన్ని పోగొట్టింది మా సేటు గోదాములో నూలు తూచే కాంటా. ఆ కాంటా మీద నాతో పాటు మా అక్క సంసారం కూడా ఎక్కి కూర్చుంది మరి.

అక్కను ఇచ్చింది కోరుట్లలో. బావ దుబాయిలో ఒక పెద్ద బిల్డింగు గేటు దగ్గర కాపలా ఉద్యోగంలో చేరి నాలుగేళ్లు దాటింది. ఆయన పోయేనాటికి కడుపులో ఉన్న మా మేనకోడలు అప్పటికి గలగలా మాట్లాడుతోంది. నాయిన అంటే ఫోనులో కనిపించే తలకాయే అని దాని లెక్క. (ఒకసారి ఫోను చార్జింగుకు పెడితే "నాయిన పండుకున్నడు" అని మమ్మల్ని సప్పుడు చేయనివ్వలేదు.) బావ సెలవు అడిగినప్పుడల్లా కంపెనీవాళ్లు, నీ జాగాలో ఇంకో మనిషిని చూపించి పో అనేవారట. చివరికి ఆ మనిషిని నేనే అని ఇంట్లో తేల్చారు. నా ఎత్తు సరిపోయింది, చదువు సరిపోయింది. జగిత్యాల ఏజెంటు మాత్రం నా పొట్ట దగ్గర చూపు ఆపి, మూడు నెలల్లో కంపెనీ సార్లు వచ్చి తూకం వేస్తారని, ఎనభై కిలోలు దాటితే వాపసేనని చెప్పాడు. అప్పుడు నేను ఎనభై తొమ్మిది.

మొదటి నెల ఒళ్లు నా మాట విన్నది. అన్నం బంద్. పొద్దున ఒక జొన్నరొట్టె, సాయంత్రం ఒకటి, మధ్యలో పిడికెడు పెసర్లు. పనికి పోయేముందు మానేరు కట్ట దాకా ఉరికి వచ్చేవాణ్ణి. ఆరు కిలోలు పోయాయి. అక్కడితో కాంటా మొండికేసింది. ఈ సోమవారం ఎనభై మూడు, వచ్చే సోమవారం ఎనభై మూడు. రొట్టెను సగం చేశాను. ఉరుకుడు రెట్టింపు చేశాను. అదే ఎనభై మూడు. కాంటా చెడిపోయిందేమోనని నూలు మూట పెట్టి చూస్తే అది లక్షణంగా ఉంది. ప్రతి సోమవారం అక్క ఫోను చేసి, "ఎంత?" అని ఒక్క మాట అడిగేది. నేను చెప్పేవాణ్ణి. తిన్నవా అని అడిగేది, మళ్లీ తనే, తినకు అనేది. ఐదు వారాలు ఇలాగే గడిచాయి. నాకు నిద్రలో కూడా అంకెలే కనిపించేవి.

మా షెడ్డులో సాంచాలు రిపేరు చేసే దోస్తు ఒకడు ఉండేవాడు. ఫోనులో చూసిన వైద్యాలన్నీ అందరికీ చెప్పేవాడు గనుక వాణ్ణి వీడియో డాక్టరు అనేవాళ్లం. మొదటి నెల చివర్లోనే వాడు నా నాడి పట్టకుండానే, తిండి ఇంకా తగ్గించమని, ఆకలైతే చాయ్ తాగమని, దాంతో ఆకలి చచ్చిపోతుందని చెప్పాడు. ఈ సలహా నాకు నచ్చింది. మా దగ్గర చాయ్ తిండి కిందికి రాదు. ఒక్కపొద్దు ఉన్నవాళ్లు కూడా నిర్భయంగా తాగుతారు. పొద్దున్నుంచి నాలుగు చాయ్‌లు తాగినవాడు కూడా "పొద్దట్నుంచి ఏం తినలే" అంటాడు, ఆ మాటను ఎవరూ అబద్ధం అనరు. రొట్టె తగ్గినకొద్దీ నాకు ఆకలి పెరిగింది, ఆకలి పెరిగినకొద్దీ చాయ్ పెరిగింది. ఫ్లాస్కు పట్టుకుని షెడ్డుకు వచ్చే చాయ్ పెద్దమ్మ నేను బక్కచిక్కిపోతున్నానని జాలిపడి, నా గ్లాసులో చక్కెర ఇంకో చెంచా ఎక్కువ వేసేది. సిరిసిల్ల మొత్తంలో నేను బక్కగా కనిపించింది ఆవిడ ఒక్కదానికే.

ఇంకా మూడు వారాలే ఉన్నాయనగా కోరుట్ల పోయాను. అక్క ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. పొద్దున లేచినప్పటి నుంచి నోట్లోకి పోయేదంతా చెప్పమంది. రొట్టె, పెసర్లు చెప్పాను.

"చాయ్?" అంది.

"చాయ్ తిండా అక్కా?"

"తిండి కాదు. ఎన్ని తాగుతున్నవ్?"

లేవగానే ఒకటి, ఉరికి వచ్చాక ఒకటి, సాంచ ఎక్కేముందు ఒకటి. నేను చెబుతుంటే అక్క ఒక్కో చాయ్‌కి ఒక్కో బీడీ తీసి నేల మీద వరసగా పెట్టింది. మొదట నవ్వుతూనే చెప్పాను. ఎనిమిదో బీడీ దగ్గర నవ్వు ఆగింది. పద్నాలుగో బీడీ దగ్గర, పెళ్లయినప్పటి నుంచి నేనెన్నడూ ఆగగా చూడని అక్క చేతులు ఆగిపోయాయి. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నా బిడ్డ నాయిన గీ పద్నాలుగు చాయ్‌లల్ల ఆగిండా తమ్మీ," అంది.

అంత సిగ్గు నేను మళ్లీ ఎన్నడూ పడలేదు. ఆ రోజు నుంచి చాయ్ ముట్టలేదు. తల పగిలిపోయేది, దారం తెగినా కనిపించేది కాదు, సేటు అరిచేవాడు. వీడియో డాక్టరుతో వారం రోజులు మాటల్లేవు (నేను ఒక్క చాయ్ అన్నాను గానీ పద్నాలుగు అనలేదని వాడి వాదన). కాంటా మాత్రం కదిలింది.

జగిత్యాలలో తూకం రోజున ఏజెంటు మనిషి వరసలో ఉన్నవాళ్లందరికీ చాయ్ ఇస్తూ వచ్చాడు. నేను వద్దంటే ఎగాదిగా చూశాడు. చెప్పులు విప్పాను, బెల్టు తీశాను, మొలతాడు సంగతి కూడా ఆలోచించాను. మిషను ఎక్కితే ఎనభై దాటి ఇంకొక్క పాయింటు. సారు పెన్ను ఎత్తాడు. అంతలో జేబులో ఏదో వణికింది. బావ ఫోను. తీసి ఏజెంటు చేతిలో పెట్టాను. డెబ్బై తొమ్మిది పాయింట్ తొమ్మిది. ఏజెంటు ఫోను ఎత్తి, "ఆగు, నీ బామ్మర్ది కాంటా మీదున్నడు," అన్నాడు.

నేను దుబాయి పోయిన వారానికి బావ ఇల్లు చేరాడు. ఆ రోజు నేను బిల్డింగు గేటు దగ్గర నిలబడి ఎన్నిసార్లు ఫోను చేసినా కోరుట్లలో ఎవరూ ఎత్తలేదు. సంగతి తెల్లారి తెలిసింది. నాయిన బయటికి వచ్చాడు గదా, మళ్లీ అందులోకి పోతాడని మేనకోడలు ఫోనును బియ్యం డబ్బాలో దాచిపెట్టిందట. నేను పొద్దంతా ఫోను చేసింది ఆ బియ్యానికే.

ఇప్పుడు నేను మళ్లీ సిరిసిల్లలోనే, తొంభై రెండు కిలోలు. అసలు డాక్టరే చక్కెర మానమన్నాడు. కాలేజీకి పోతున్న మేనకోడలు, నేను కోరుట్ల పోయినప్పుడల్లా నా వెనకే తిరుగుతూ, "మామా, నాలుగోది," అని గ్లాసు లాక్కుంటుంది. అక్క అటు తిరిగి నవ్వుతుంది. తన కోసం ఒకప్పుడు రోజుకు పద్నాలుగు చాయ్‌లు వదిలినవాణ్ణని ఆ పిల్లకు చెప్పాలని నోటిదాకా వస్తుంది. చెబితే ఇది కూడా వదలమంటుందని ఊరుకుంటాను.