బతికున్న పాపాయమ్మ టైలరింగ్ కొట్టు

తాను చనిపోయిన సంగతి పాపాయమ్మకు తన కొట్లో కూర్చుని ఉండగానే తెలిసింది.

మిషను మీద దిండుగలీబుకు అంచు కుడుతోంది. చేపలకని సందులోకి వచ్చిన ఒకావిడ గుమ్మంలోంచి తొంగిచూసి, గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఓరి దేవుడా! పాపాయమ్మ గారూ, మీరు పోయేరన్నారండీ!"

"ఎవరన్నారు?"

"బస్టాండు దగ్గరండీ. మీ పాత కొట్టు చోట అద్దాల షాపు లేచింది కదండీ. అక్కడ అడిగితే, ఆవిడ ఎప్పుడో పోయేరన్నారు. సరేలెమ్మని మా పెద్దదాని పెళ్ళి ముసుగు అమలాపురంలో కొనేసేమండీ, ఆయ్."

"కొనేసేక నేను బతికుంటే ఏంటి, పోతే ఏంటి? వెళ్ళు, చేపలు మెత్తబడిపోతాయి" అని పాపాయమ్మ మళ్ళీ మిషను తొక్కింది. తొక్కింది గాని అంచు వంకరపోయింది. ఆవిడ చేతిలో అంచు వంకరపోవడం ఆ సందు ఎరగదు.

రాజోలు చుట్టుపక్కల క్రైస్తవుల ఇంట పెళ్ళంటే తెల్లచీర, నెత్తిన వల గుడ్డ ముసుగు. ఆ ముసుగుకు లేసు పట్టాలంటే పాపాయమ్మే పట్టాలనేవారు ఒకప్పుడు. మొగుడు సాలమోను కత్తిరించేవాడు, ఈవిడ కుట్టేది. చదువు రెండో తరగతితో సరి, అయినా ఎవరి ముందూ తల దించిన మనిషి కాదు. సాలమోను కాలం చేశాడు. తర్వాత రోడ్డు వెడల్పు చేస్తామని పాత కొట్టు పడగొట్టేశారు. చేపల మార్కెట్ వెనక సందులో జగ్గారావు గది దొరికింది. బోర్డు పెట్టింది గాని, మార్కెట్ వాళ్ళ టార్పాలిన్ల కింద దాన్ని కాకి కూడా చూడలేదు.

జగ్గారావుది సిమెంటు వ్యాపారం. మర్యాదస్తుడే. ఆ మర్యాదతోనే గొంతు మీద కాలేశాడు.

"పిన్నిగారూ, ఈ వయసులో మీకెందుకండీ శ్రమ? మనుషులు కూడా రావడం లేదు. ఈస్టరు తర్వాత మీ పెళ్ళిళ్ళ కుట్టుపని అవగొట్టుకుని గది ఇచ్చేద్దురూ. బస్తాలేసుకుంటాను."

"నాకంటే సిమెంటు బస్తాకి నోరు తక్కువనా?"

"అబ్బే, అదేం మాటండీ" అన్నాడు గాని, గది మాట మాత్రం వదల్లేదు.

ఆ గది పోతే పాపాయమ్మకు పోయేది నాలుగు గోడలు కాదు. ఇంట్లో మూల కూర్చుని, ఎవరైనా కాఫీ ఇస్తే తాగి, ఇవ్వకపోతే ఊరుకునే మనిషైపోతుంది. అది తలుచుకుంటేనే ఆవిడకు ఒళ్ళు మండింది.

కోడలు షైనీ అమలాపురంలో ఓ కాలేజీ ఆఫీసులో కంప్యూటరు పని చేస్తుంది. కూర మాడితే, ఎందుకు మాడిందో ఫోన్లో చూసి చెప్పే రకం. ఆ రాత్రి అన్నాల దగ్గర మెల్లగా కదిపింది.

"అత్తయ్యగారూ, మన కొట్టుకి వెబ్‌సైటు పెడదామండీ."

"ఎక్కడ పెడతావు? ఉన్న గదే లాక్కుంటున్నాడు ఆ మహానుభావుడు."

"ఫోన్లో కనిపించుద్దండీ. పెళ్ళికూతురికి ముసుగు కావాలనుకోండి, ముందు ఎవర్నడుగుద్ది?"

"వాళ్ళమ్మని."

"వాళ్ళమ్మ కువైట్‌లో ఉందండీ. ఆవిడ ఫోన్నడుగుద్ది. ఫోన్‌కి మీరున్నట్టే తెలీదు."

పాపాయమ్మ చేతిలో ముద్ద ఆగింది. బస్టాండులో ఎవడో తెలిసీ తెలియని వాడు తన చావు చెబుతుంటే, తన బతుకు చెప్పేచోటు ఒక్కటీ లేదన్నమాట.

"పెట్టు. కానీ మాటలు నావి."

మాటలు ఆవిడవే అయ్యాయి. "రాసుకో. ఆదివారం కొట్టుండదు. బేరం ఎప్పుడూ ఉండదు. కొలతలు రాసి పంపితే కుట్టను. టేపు పెట్టినప్పుడు ఊపిరి బిగబట్టేరో వదిలేరో నాకేం తెలుసు? ఒంటికి సరిపోయిన పాత జాకెట్టు ఒకటి ఆదికి పంపండి, అంతే."

"కొంచెం మెత్తగా రాద్దామండీ."

"మెత్తన కావాలంటే దూది కొట్టుకెళ్ళమను."

ఇక ఫోటో. పాపాయమ్మ చర్చికి కట్టే తెల్లచీర కట్టుకుని, చేతులు కట్టుకుని, నవ్వితే పళ్ళు రాలిపోతాయన్నట్టు నిలబడింది. మరీ బోసిగా ఉందని, షైనీ ఆ ఫోటోను ఫ్లెక్సీలు వేసే కుర్రాడికిచ్చింది. వాడు తనకొచ్చినదే చేశాడు. చుట్టూ గులాబీలు, పైన రెండు పావురాలు, వెనక మబ్బులు. మన వైపు తెల్లచీర ముసలమ్మ చుట్టూ పూలూ పావురాలూ ఎప్పుడు వేస్తారో తెలియనిది ఎవరికి? కళ్ళెదుట ఉన్న అత్తగారు కాబట్టి షైనీకి తట్టలేదు. వెబ్‌సైటు పెట్టిన మర్నాడే మలికిపురం నుంచి ఫోనొచ్చింది. పాపాయమ్మే ఎత్తింది.

"ఆదరణ కూడిక ఎప్పుడండీ?"

"ఎవరికి?"

"పాపాయమ్మ గారికండీ. పోయేరంట కదండీ, పాపం, మంచి మనిషి. మీరేమవుతారండీ ఆవిడకి?"

"నేనే అవుతాను!"

అవతల ఫోను ఠక్కున కట్టయింది. షైనీ వంటింట్లోకి పారిపోయింది.

"ఇలా రా! ఇన్నాళ్ళూ బస్టాండు దాకానే పోయేను. నీ ధర్మమా అని ప్రపంచమంతా పోయేను. ఆ పువ్వులు పీకెయ్! నన్ను మాట్లాడుతుండగా తియ్!"

అప్పుడు తీసిన వీడియోలో పాపాయమ్మ మిషను ముందు కూర్చుని, కత్తెర ఊపుతూ మాట్లాడింది. "నేను పాపాయమ్మని. పాత కొట్టు పోయింది, నేను పోలేదు. చేపల మార్కెట్ వెనక సందు. ముక్కు మూసుకుని నాలుగడుగులు వేస్తే నా గుమ్మం. ముసుగులివిగో, కళ్ళు పెట్టుకుని చూసుకోండి. నేను పోయేనని ఎవరైనా అంటే వాళ్ళని ఓసారి నా దగ్గరికి పంపండి."

మొదటి ఫోను మస్కట్ నుంచి, నిఖిత అనే నర్సుది. "అమ్మమ్మగారూ, డ్యూటీలో మీ వీడియో చూసి అందరం నవ్వేమండీ. మే నెల్లో నా పెళ్ళండీ. ముసుగూ, జాకెట్టూ మీరే కుట్టాలండీ. సెలవుకొచ్చే అన్నయ్యతో ఆది జాకెట్టు పంపిస్తున్నానండీ."

ఆ అన్నయ్య ఇంటికైనా వెళ్ళకుండా, పెట్టెతో సహా కొట్లో దిగాడు. ఆడవాళ్ళ జాకెట్టున్న కవరును సిగ్గుపడుతూ రెండు వేళ్ళతో అందించాడు. గల్ఫు నుంచి సెలవుకొచ్చేవాడు సగం ఊరి మూటలు మొయ్యడం మామూలే. ఆ ఏడు ఆ మూటల్లో పాత జాకెట్లు చేరాయి. దోహా నుంచి, కువైట్ నుంచి, చాక్లెట్ల సంచుల్లో, సబ్బు వాసనతో. ఇటు పలివెల నుంచి, కపిలేశ్వరపురం నుంచి కూడా మనుషులు వచ్చారు. దారి ఫోనే చెప్పింది. ఏ ముసుగు కావాలో చూసుకునే వచ్చారు, ఆది జాకెట్టు చేత్తో పట్టుకునే వచ్చారు. ఆదివారం వచ్చి తలుపు కొట్టిన వాడు లేడు, బేరమాడిన వాడు లేడు. ఇదివరకు బేరాలతో సగం పొద్దు నోటికే సరిపోయేది, ఇప్పుడు పొద్దంతా కుట్టే చేతికే సరిపోయింది.

పాపాయమ్మ, పాత కొట్లో తన దగ్గర కుట్టి మానేసిన సత్యనారాయణమ్మను మళ్ళీ పిలిచి, రెండో మిషను మీద కూర్చోబెట్టింది.

పెళ్ళిళ్ళు ముగిసే వేళకు జగ్గారావు వచ్చాడు. ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు.

"గది కోసమేనా?" అంది పాపాయమ్మ తలెత్తకుండా.

"కాదండీ… మా సాయిదుర్గ హైదరాబాదు నుంచి ఫోన్ చేసిందండీ. ఆడపడుచు పెళ్ళికి జాకెట్లు కావాలంట. 'నాన్నా, రాజోల్లో ఒకావిడ ఉంది, భలే తిడుతుంది, ఆవిడ చేతే కుట్టించు' అని అడ్రసు పంపిందండీ. చూస్తే మన గదే!"

వెనక దాచిన కవరు తీసి ఇచ్చాడు. పాపాయమ్మ జాకెట్టు తిరగేసి, కుట్లు లాగి చూసింది.

"చంకలో పట్టేస్తోంది. ఎవడు కుట్టేడు దీన్ని?"

"బస్టాండు దగ్గర అద్దాల షాపులోనండీ."

సత్యనారాయణమ్మ మిషను ఆపేసి మరీ నవ్వింది.

"ఎప్పటికిస్తారండీ?" అన్నాడు జగ్గారావు.

"మీ సిమెంటు బస్తాలు ఎప్పుడు దింపుతారో చెప్పండి. ఆలోపు ఇచ్చేసి పోతాను."

"ఇంకా అదే మాటాండీ? బస్తాలకి వేరే చోటు చూసేను. మీరుండండి పిన్నిగారూ, ఆయ్."

"ఉండమంటే ఎక్కడుండమంటారు? మిషన్లు పట్టడం లేదు. ఆ పక్క గది ఊరికే పడుంది కదా?"

సందులోంచి పెళ్ళివారు ఇద్దరు కవర్లతో మెట్టెక్కారు. వాళ్ళకి దారిచ్చి ఓ పక్కకి ఒదిగి, జగ్గారావు పక్క గది తాళంచెవి కోసం జేబులు తడుముకోవడం మొదలుపెట్టాడు.