సర్కారు బోరు

మా అమ్మ ఎవరికైనా టోపీ పెట్టగలదని తెలుసు. సర్కారుకే పెడుతుందని మాత్రం నేననుకోలేదు.

బీర్పూర్ పక్కన ఆమెకున్నది కాస్తంత పసుపు చేను, అడుగంటిన బావి. అరచేతిలో కొబ్బరికాయ పట్టుకుని నీళ్లు చూసే పెద్దమనిషి చేను మూలకు రాగానే కాయ నిలబడిందట. "ఈడ బోరేస్కో అక్కా, నీళ్లే నీళ్లు" అన్నాడట. బోరు వేయించే స్తోమత ఎక్కడిది? పసుపు ఆకులు అంచుల నుంచి ఎండుతున్నాయి.

అప్పుడే ఖనిజాలు వెతికే సర్కారు సార్లు పక్క గుట్ట దగ్గర దిగారు. అయస్కాంతానికి అతుక్కునే నల్లరాళ్లు ఏరుతున్నారు. అవి బాగా దొరికిన చోట మిషన్ పెట్టి లోతుగా తొలిచి చూస్తున్నారు. నేను కోరుట్ల నుంచి వచ్చేసరికి అమ్మ ఆ గుట్ట కింద గంపెడు నల్లరాళ్లు ఏరుకొచ్చి, చేను మూలలో విత్తనాలు చల్లినట్టు చల్లుతోంది.

"ఏందమ్మా గిది?"

"సూడు బిడ్డ. మిషన్ ఆళ్లది, డీజిల్ ఆళ్లది. నీళ్లు మనయి."

నవ్వు ఆపుకోలేక నేనూ నాలుగు రాళ్లు విసిరాను.

సారు వచ్చి అయస్కాంతం ఆడించి తల ఊపాడు. వారం తిరక్కుండా మిషన్ దిగింది. అమ్మ పనివాళ్లకు పిలిచి మరీ చాయ్ పోసింది. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ "మాది సర్కారు బోరు" అని చెప్పింది. మిషన్ వేడెక్కకుండా వాళ్లే పోసిన ట్యాంకర్ నీళ్లు పైకి పొంగితే, పడ్డాయనుకుని పసుపు కుంకుమ కూడా తెచ్చింది. లోపలి నుంచి తీసిన రాతి కడ్డీలను వాళ్లు పెట్టెల్లో పేరుస్తుంటే వాటివంక చూడనేలేదు.

మిషన్ విప్పే రోజు సారును అడిగింది.

"నీళ్లు పడ్డయా సారూ?"

"లేవమ్మా. కానీ మంచి ఇనుపరాయి పడ్డది. మేం అనుకున్నదానికంటే మంచిగున్నది."

"గదీ మాదేనా?"

"పైన చేను మీది. కిందున్నది సర్కారుది. పై ఆఫీసుకు రాస్తం. తవ్వుమని ఆర్డరొస్తే చేను తీసుకొని పైసలిస్తరు."

నాకు భయమేసింది. అమ్మ పెట్టెలోంచి ఒక రాతి కడ్డీ తీసి, కొంగుతో తుడిచి, సారు చేతిలో పెట్టింది.

"ఇవన్ని మల్ల గా బొక్కలనే ఏసి పూడ్సుండ్రి సారూ. నాకు నీళ్లొద్దు."