దోమ గొంతు రాక్షసుడు

శనివారం సాయంత్రం, పటమట. రేపటిదాకా ఆగితే సంతోషంలో వివరాలు పెరిగిపోతాయని, మన మహిళా మండలి గోడపత్రికకు ఇప్పుడే రాస్తున్నాను.

వారపత్రికలో మనమందరం చదివి నవ్వుకున్న మాంత్రికుల సీరియల్‌ను రేడియో నాటకంగా వేస్తున్నారు. రాక్షసుడి పాత్ర కావాలని మా కోడలు సుగుణ అడిగింది. ఇన్నాళ్లూ రేడియోలో ఆమెకు దక్కినవన్నీ ఒక్క మాటతో సరిపోయే పనిమనిషి వేషాలే. అందుకని ఈరోజు రేడియో స్టేషనుకు నేనూ తోడు వెళ్లాను.

"రాక్షసుడంటే గొంతు గదంతా మోగాలండీ. మీ కోడలుగారిది పిట్ట గొంతు" అన్నాడు నాటకం వేయించే కుర్రాయన.

"పన్నెండో భాగం చదివావా నాయనా?"

"అంటే... కథ తెలుసండీ."

వరుస తప్పకుండా కుట్టి దాచిన భాగాల్లోంచి అది తీసి చూపించాను. కొండంత రాక్షసుడికి దోమ గొంతు. ఆ సిగ్గుతోనే వాడు గుహ దాటి రాడు. సుగుణ ఒక్క వాక్యం చదివింది: "ఎవడ్రా నా నిద్ర చెడగొట్టింది?" అద్దం వెనక రికార్డింగు వాళ్లు కూడా పడీపడీ నవ్వారు. వేషం ఆమెదే!

మా ఇంట్లో పదేళ్లుగా వంటగది దాటని గొంతు అది. అందులో నా పాత్ర ఎంతో మీరెవరూ చెప్పనక్కర్లేదు, నాకు తెలుసు.

ఇక జరగవలసినవి:
1. రిహార్సల్ రోజుల్లో వంట నాది.
2. ఆ కుర్రాయన మిగతా భాగాలన్నీ చదవాలి, చేతులు కడుక్కుని.
3. రాక్షసుడు గర్జించి తీరాలనేవారు ఈ కాగితం కిందే రాయండి, ఏ భాగంలో ఉందో చెప్పి.
4. సుగుణ సాధన ఇంట్లోనే చేయాలి, నాకు వినపడేలా.