బాన్సువాడ కాలువ గట్టున ‘పోయొస్త’ అనే మాట

ఈ బ్లాగులో రెండేళ్లుగా ఏకాంతం గురించి గొప్పలు పోతున్నాను. ఒక్కడినే తిరగడంలో ఎంత సుఖముందో రాస్తే మీలో కొందరు మెచ్చుకున్నారు కూడా. అసలు సంగతి వేరు. విడాకులయ్యాక నన్ను రమ్మని పిలిచేవాళ్లు లేకుండా పోయారు. అది కప్పిపుచ్చుకోవడానికి ఏకాంతం అనే మాట బాగా పనికొచ్చింది. మొన్న ఆదివారం నలుగురు స్నేహితులను అడిగితే నలుగురికీ పనులున్నాయి. సరే, ఇంకో పోస్టుకు సరుకు దొరుకుతుందని ఒక్కడినే బాన్సువాడ బయల్దేరాను.

ఉదయం ఆరింటికి హైదరాబాద్ జూబ్లీ బస్టాండులో బస్సెక్కితే, మెదక్, ఎల్లారెడ్డి మీదుగా పదకొండు దాటాక దిగాను. టికెట్టు మూడు వందల చిల్లర. అక్కడి నుంచి వర్ని వైపు వెళ్లే షేర్ ఆటోలో ముప్పై రూపాయలిచ్చి నిజాంసాగర్ కాలువ దగ్గర దిగాను. ఒక్కరే వచ్చారా అని ఆటోవాలా రెండుసార్లు అడిగాడు. నాకదే ఇష్టమని కాస్త పొగరుగానే చెప్పాను.

కాలువ గట్టు మీద రేకుల షెడ్డులో సాయిలు అనే లష్కర్ ఉన్నాడు. తూము తలుపులెత్తి పొలాలకు నీళ్లు వదలడం ఆయన పని. ఇరవై ఏళ్లుగా పగలంతా అక్కడ ఒక్కడే ఉంటాడట. నా పోస్టుకు మనిషి దొరికాడనుకున్నాను. జొన్నరొట్టె సగం విరిచి, మిరపకాయ తొక్కు వేసి నాకూ పెట్టాడు. అది తింటూ ఏకాంతం గురించి ఆయనకే పాఠం చెప్పాను, సిగ్గులేకుండా. ఆయన ఊ కొడుతూ నీళ్లవైపే చూస్తూ కూర్చున్నాడు. రెండింటికి లేచి, ఇక వెళ్తానన్నాను.

“గట్ల పోత అనొద్దు తమ్మీ. పోయొస్త అనాలె.”

చిన్నప్పుడు మా అమ్మ కూడా ఇలాగే దిద్దేది. నవ్వేసి, ఇక్కడ ఒక్కరే ఉంటే విసుగనిపించదా అని అడిగాను.

“ఇసుగెందుకు? పొద్దుగాల మా ఇంటామెకు పోయొస్తనని చెప్పే వస్త. ఇగ ఈడ ఎంతసేపున్నా ఫికర్ లేదు. నువ్వు ఎవలికి చెప్పొచ్చినవ్?”

తలుపుకు తాళం వేసి వచ్చానంతే. ఆ మాట నోట రాక, అక్కకు చెప్పానని అబద్ధమాడాను. అక్కతో మాట్లాడి రెండేళ్లయింది. విడాకులప్పుడు తప్పు నాదేనంది. ఆ కోపంతో ఫోను చేయడం మానేశాను. తప్పు నాదేనని నాకూ తెలుసు.

బాన్సువాడ బస్టాండుకొచ్చి, ఆ అబద్ధాన్ని నిజం చేద్దామని అక్కకు ఫోను చేశాను. ఎవరండీ అంది. నా నంబరు తీసేసినట్టుంది. పేరు చెప్పాను. ఏం పని పడిందని అడిగింది.

“ఏం లేదక్కా. వెళ్లొస్తానని చెబుదామని.”

“ఎక్కడికి?”

హైదరాబాద్ బస్సు వచ్చి ఎదురుగా ఆగింది. వెళ్లడం అప్పటికే అయిపోయింది, ఇక ఇంటికి రావడమే మిగిలింది. మళ్లీ చేస్తానని పెట్టేశాను. చెయ్యమని అక్క అనలేదు.

సాయిలుది ఏకాంతం. సాయంత్రం ఆలస్యమైతే ఏమైందని అడిగే మనిషి ఉన్నందుకే ఆయన పగలంతా నిశ్చింతగా నీళ్లు చూస్తూ కూర్చోగలడు. నన్ను ఆలస్యమైందేమని అడిగేవాళ్లు లేరు. దాని పేరు ఒంటరితనం. రెండేళ్లుగా మీకు రెండోదాన్ని మొదటిదని అమ్మాను, నామీద నాకే అసహ్యంగా ఉంది.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క సలహా. కాలువ గట్టున ఫోను సరిగా పనిచేయదు, అందుకని బయల్దేరే ముందే ఎవరో ఒకరికి వెళ్లొస్తానని చెప్పండి. ఎవరికి చెప్పాలో తోచకపోతే, టికెట్టు కొనకముందే ఆ సంగతి చూసుకోండి. నేను తిరుగు బస్సు దగ్గర చూసుకున్నాను.