చూశారని తెలిస్తే చాలు

మాంటెవిడియోలో మాది చిన్న కంపెనీ. కలిసి పనిచేసే బృందాల కోసం సాఫ్ట్‌వేర్ తయారుచేస్తాం. కోడు రాసేది మేము. ఏం రాయాలో తెలుసుకొచ్చేది నేలిదా బెంతాంకోర్. యాభై మూడేళ్ల మనిషి. ఊరూరా వెళ్లి, పనిచేసేవాళ్ల పక్కన కూర్చుని, ఎక్కడ ఇబ్బంది పడుతున్నారో అడిగి రాసుకొచ్చేది. అరగంటలో ఎవరైనా ఆమెకు మనసు విప్పేవారు. ఆమె సంగతులు మాత్రం మాకెవరికీ తెలియవు. తల్లి పోయాక ఒక్కతే ఉంటోందని విన్నాం, అంతే.

ఒక చలికాలం ఉత్తరాన నీటి సరఫరా సంస్థ పని వచ్చింది. తొమ్మిది పంపుహౌసులు, ఒక్కోచోట ఒక్కో మనిషి. అందరూ ఫోన్లలోంచే ఒకే ఆన్‌లైన్ బోర్డు మీద రాసుకునేలా చేయాలి. తాకువారెంబో ఊరు దాటాక మట్టిరోడ్డు చివర ఉన్న ఏడో పంపుహౌసుకు నేలిదాతో నేనూ వెళ్లాను. అక్కడి ఆపరేటర్ దార్దోకు అరవై ఉంటాయి. వేడినీళ్లలో మాతే ఆకు టీ కలిపి ఆమె చేతికిచ్చాడు.

"నన్ను ప్రశ్నలడగడానికి ఇంత దూరం వచ్చావా తల్లీ? మా ఆవిడ కూడా ఇన్ని అడగలేదు. అడిగుంటే వెళ్లిపోయేది కాదేమో!"

నేలిదా నవ్వలేదు. "ఇప్పుడు వివరాలు ఎలా పంపుతున్నారు?"

"రోజూ పొద్దున ఆరింటికి మెసేజ్ పెడతా. ట్యాంకులో నీళ్లింత, పంపు బాగుంది అని."

"జవాబు వస్తుందా?"

"బాగుంటే ఎవడిస్తాడమ్మా? పాడైతే వస్తుంది. అదీ తిట్లతో."

"మరి మీకేం కావాలి?"

ఆయన కెటిల్ పక్కన పెట్టాడు. "జవాబక్కర్లేదు. చూశారని తెలిస్తే చాలు. ఒకసారి నాలుగు రోజులు తప్పు నంబరుకు పంపాను. ఏమైందని ఒక్కడూ అడగలేదు."

తిరుగు బస్సులో నేలిదా తాను రాసుకున్నది మళ్లీ చదువుకుంది. తర్వాత, "పోయిన ఏడాది జ్వరమొచ్చి వారం రోజులు ఆఫీసుకు రాలేదు నేను. గుర్తుందా?" అంది.

నాకు గుర్తులేదు. ఉందన్నాను.

నీటి సంస్థ మేనేజరు, బోర్డులో ఏమేం ఉండాలో ఆమె రాసిచ్చిన జాబితా చూసి, "ఎవరు చూశారో చూపించడం ఎందుకు? తీసేయండి. దీన్నెవరూ అడగలేదు," అన్నాడు.

"ఆరుగురు అడిగారు. ఒక్కొక్కరు ఒక్కో మాటలో," అంది నేలిదా. ఎన్నడూ ఎవరితోనూ వాదించని మనిషి ఆ రోజు గంటసేపు పట్టు విడవలేదు. చివరికి ఆయనే విసిగి ఒప్పుకున్నాడు.

మరుసటి చలికాలానికి బోర్డు నడిచింది. ప్రతి మెసేజ్ కింద చూసినవాళ్ల పేర్లు వచ్చేవి. పరీక్ష కోసం తెరిచిన ఖాతా ఇంకా ఉండటంతో నేలిదా పేరూ వచ్చేది. ఆఫీసుకు రాగానే, కోటు విప్పకముందే, ఏడో పంపుహౌసు తెరిచి చూసేది. ఒకరోజు దార్దో రాశాడు: "నేలిదా, ఇంకా చూస్తున్నావా తల్లీ? ఇక్కడ గడ్డి మీద మంచు పేరుకుంది."

ఆమె ఏదో టైపు చేసి చెరిపేసింది.

"రాయొచ్చుగా," అన్నాను.

"అది వాళ్ల బోర్డు. అందులో నేనెవర్ని?"

సెప్టెంబరులో పని అప్పగించాం. మా ఖాతాలన్నీ మూసేశారు. ఆ సాయంత్రం ఆమె నా బల్ల దగ్గరికి వచ్చి, "నా పేరు కనిపించట్లేదని దార్దో గమనిస్తాడంటావా?" అంది.

"తప్పకుండా," అన్నాను.

తెలుసుకునే దారి మా ఇద్దరికీ లేదు. తర్వాతి సోమవారం ఆమె సాల్టో బస్సెక్కింది, నారింజలు పెట్టెల్లో సర్దేవాళ్లను అడగడానికి.